తాతగారి పేరు ఏ దస్త్రంలో ఉంది?

జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో సాక్చీ కర్మాగారంలో తొలి ఉక్కు తయారైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎందరో పనివారు రైలెక్కి ఇక్కడికి చేరారు. వారి మునిమనుమల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. "మాది శ్రీకాకుళం వైపు" అనటమే గాని ఊరి పేరు తెలియనివారూ ఉన్నారు. ఇలాంటి కుటుంబం తన మూలాలను పాత కాగితాల ద్వారా ఎలా తెలుసుకోవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

అసలు ప్రశ్న ఏది?

పత్ర భాండాగారాల్లో, అంటే ఆర్కైవ్స్‌లో, మీ కుటుంబం పేరుతో దస్త్రం ఉండదు. శిస్తు వసూలుకు, జనన మరణాల లెక్కకు, ఆస్తి బదిలీల నమోదుకు ప్రభుత్వం కాగితాలు పెట్టింది. వాటిని శాఖల వారీగా, సంవత్సరాల వారీగా భద్రపరిచింది. కాబట్టి "మా తాతగారి గురించి ఏముంది?" అని అడిగితే అక్కడి ఉద్యోగి సమాధానం చెప్పలేడు. "ఫలానా సంవత్సరంలో ఆయన పేరు రాసుకోవలసిన అవసరం ఏ కార్యాలయానికి కలిగింది?" అని మిమ్మల్ని మీరు ముందుగా ప్రశ్నించుకోవాలి.

ఇంట్లో మొదలుపెట్టండి

ఇంట్లో పెద్దవారు ఉంటే వారి నుంచి నాలుగు సంగతులు రాసుకోండి: ఇంటిపేరు, స్వగ్రామం, దగ్గరి రైల్వే స్టేషను, ఊళ్లో మిగిలిన బంధువుల పేర్లు. వీటిలో ఇంటిపేరు అన్నిటికంటే ముఖ్యం. కంపెనీ కాగితాల్లో అది ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోయి ఉండవచ్చు. "కె" అంటే కోరాడో, కర్రో, కొయ్యో ఇంట్లో పెద్దవారే చెప్పగలరు. అప్పన్న, అప్పలస్వామి వంటి పేర్లను ఇంగ్లీషులోనూ హిందీలోనూ గుమాస్తాలు ఎవరికి తోచినట్టు వారు రాశారు. అందువల్ల ఒకే పేరును నాలుగైదు రకాలుగా వెతకాలి. కాగితాలు ఇంకా కొంతకాలం నిలుస్తాయి. పెద్దవారి జ్ఞాపకం అంతకాలం నిలవదు. కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ఆ ఊరు అప్పుడు ఎవరి పాలనలో ఉంది?

సరిహద్దులు మారుతూ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి. తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. పాలకొండ 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కనుక 1920 నాటి పై స్థాయి రెవెన్యూ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను కూడా సంప్రదించవలసి రావచ్చు.

జంషెడ్‌పూర్ సంగతీ ఇంతే. ఈ ప్రాంతం ఉన్న సింగ్‌భూమ్ జిల్లా 1912 వరకు బెంగాల్‌లోను, ఆపై బీహార్-ఒరిస్సా రాష్ట్రంలోను, 1936 నుంచి బీహార్‌లోను, 2000 నవంబరు 15 నుంచి జార్ఖండ్‌లోను ఉంది. కాలాన్ని బట్టి కోల్‌కతా, పాట్నా, రాంచీలతో పాటు పాత జిల్లా కేంద్రమైన చైబాసా వైపు కూడా చూడాలి.

ఉక్కు నగరపు కాగితాలు

జార్ఖండ్‌లో భూమి హక్కుకు ఆధారం ఖతియాన్. కంపెనీ క్వార్టర్లలో బతికిన కార్మికుడి పేరు అందులో ఉంటుందని ఆశించలేం. ఆయనకు కంపెనీ సర్వీసు రికార్డే ముఖ్యమైన ఆధారం. స్వగ్రామం, తండ్రి పేరు, చేరిన తేదీ అందులో ఉండవచ్చు. ప్రావిడెంట్ ఫండ్ నామినేషను పత్రంలో దగ్గరి బంధువుల పేర్లు దొరకవచ్చు. ఇంట్లో పాత టికెట్ నంబరు గాని, పర్సనల్ నంబరు గాని, జీతం చీటీ గాని ఉంటే పారేయకండి. టాటా స్టీల్ ఆర్కైవ్స్ జంషెడ్‌పూర్‌లోనే ఉంది. అది కంపెనీకి చెందినది కాబట్టి అనుమతి కోరుతూ లేఖ రాయాలి. పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్లు, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్ రామమందిరం వంటి సంస్థల పాత పుస్తకాలు కూడా విచారించదగినవే.

స్వగ్రామపు కాగితాలు

ఊరు తెలిశాక మూడు దారులున్నాయి. మొదటిది జనన మరణాల రిజిస్టరు. 1969 చట్టంలోని 17వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి వెతికించి, నకలు పొందవచ్చు. రెండవది భూమి రికార్డు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జమీందారీ గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అప్పటి ఫెయిర్ అడంగల్‌లో సర్వే నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. మూడవది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటవ పుస్తకాన్ని, దాని పేర్ల సూచికను ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు.

జనాభా లెక్కలపై మాత్రం ఆశ పెట్టుకోకండి. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షను ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపరు. బ్రిటన్‌లో అయితే వాటిని సాధారణంగా నూరేళ్ల తరువాత బయటపెడతారు. మన దగ్గర ఆ లోటును కొంత తీర్చేవి గయ పండాల బహీలు. పిండప్రదానానికి వచ్చినవారి పేర్లు, ఊళ్లు వారు తరతరాలుగా రాసుకుంటున్నారు.

సరిచూడటం ఎలా?

పేరు కలిసినంత మాత్రాన మనిషి అతడే అనుకోకూడదు. పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, వయసు కూడా సరిపోవాలి. వేర్వేరు కార్యాలయాల్లో పుట్టిన రెండు కాగితాలు ఒకే మాట చెబితే ఆధారం బలపడుతుంది. కాగితం మీది తేదీని కూడా పరీక్షించండి. 1940 నాటిదని చెప్పే పత్రంలో "శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే, అది తరువాత రాసినదై ఉండాలి.

ఈ జాగ్రత్త ఉబుసుపోకకు చెబుతున్నది కాదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు అదే ఏడాది సెప్టెంబరు 6న వెలువడ్డాయి. వలస కుటుంబాల పిల్లలు కుల ధ్రువపత్రం కోరినప్పుడు, ఆ తేదీ నాటికి కుటుంబం ఏ రాష్ట్రంలో నివసించేది అన్న ప్రశ్న వస్తుంది. ఆ నాటి సర్వీసు కాగితమో, బడి రిజిస్టరు నకలో ఉంటే దానికి జవాబు చెప్పవచ్చు.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఎక్కడ, ఏ సంవత్సరపు, ఏ రిజిస్టరులో, ఎన్నో పేజీలో ఏం చూశారో రాయండి. వెతికినా దొరకని చోట్లను కూడా రాయండి. మీ తరువాత వెతికేవారు అక్కడి నుంచి ముందుకు సాగుతారు.