తొమ్మిదేళ్ల జగజ్జేతకు సమవుజ్జీ ఉన్నాడా?

తిరునాళ్లలో ఒకే ఎడ్లజత ఏటేటా మొదటి బహుమతి కొట్టుకుపోతుంటే ఊళ్లో రెండు మాటలు పుడతాయి. "జతంటే అదీ!" అనేవారు కొందరు. "ఎదురు గట్టి జత రాలేదు గనుక గెలిచింది" అని పెదవి విరిచేవారు మరికొందరు. సరిగ్గా ఇలాంటి తగవే ఒక ఫ్రెంచి కారు డ్రైవరు విషయంలో ఏళ్ల తరబడి సాగుతోంది. ఆయన పేరు సెబాస్టియన్ లోబ్. 2004 నుంచి 2012 దాకా వరుసగా తొమ్మిదేళ్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్.

మొన్న మా ఊరి టీ కొట్టు దగ్గర ఈ చర్చే వచ్చింది. ట్రాక్టర్లు బాగుచేసే కుర్రాడొకడు సెల్‌ఫోనులో ర్యాలీ పందెం చూపిస్తూ "తొమ్మిదిసార్లు గెలిచాడు పెదనాన్నా" అన్నాడు. ఒకప్పుడు బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తలను మేపిన పెద్దాయన "ఎవరి మీద గెలిచాడ్రా అబ్బాయ్? ముందు అది చెప్పు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

బండలాగుడు లాంటిదే

ర్యాలీలో కార్లన్నీ ఒక్కసారి బయలుదేరవు. బండలాగుడులో జత తర్వాత జత వచ్చినట్లే, ఒక్కో కారు కొంత వ్యవధి ఇచ్చి విడివిడిగా బయలుదేరుతుంది. మనకు అడుగుల లెక్క, వారికి గడియారం లెక్క. మట్టిదారి, అడవి, మంచు, తారురోడ్డు, ఏదైనా సరే పరుగెత్తాలి. పక్కన కూర్చున్న సహాయకుడు ముందున్న మలుపులను కాగితం చూసి చదువుతుంటాడు. లోబ్ పక్కన ఆ తొమ్మిదేళ్లూ కూర్చున్నది మొనాకోకు చెందిన డానియేల్ ఎలెనా. లోబ్ 1974లో ఫ్రాన్సులోని ఆల్సాస్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలో జిమ్నాస్టిక్స్ చేశాడు. నేర్చుకున్న వృత్తి ఎలక్ట్రీషియన్ పని.

ఎదుటివారు తగ్గిన మాట నిజమే

పెదవి విరిచేవారి వాదనలో బలం లేకపోలేదు. నాలుగుసార్లు చాంపియన్ అయిన ఫిన్లండ్ వీరుడు టామీ మాకినెన్ 2003తో విరమించాడు. స్పెయిన్‌కు చెందిన కార్లోస్ సైన్జ్ 2004 తర్వాత పూర్తికాలం పోటీ మానుకున్నాడు. 2001 చాంపియన్ రిచర్డ్ బర్న్స్‌కు 2003లో మెదడులో కంతి బయటపడింది. 2005లో ఆయన కన్నుమూశాడు. 1995 చాంపియన్ కాలిన్ మెక్‌రే 2003 తర్వాత పూర్తి ఏడాది పోటీ చేయలేదు. 2007లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు.

కంపెనీలూ ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ప్యూజో, మిత్సుబిషి 2005తో, సుబారు, సుజుకి 2008తో వైదొలిగాయి. ఆ తర్వాత రెండేళ్లు పెద్ద కంపెనీలలో మిగిలినవి లోబ్ నడిపిన సిట్రోయెన్, దానికి ఎదురుగా ఫోర్డ్ మాత్రమే. 2008లో 15 ర్యాలీలకు 11 లోబే గెలుచుకున్నాడు. ఇక పోటీ ఎక్కడుందని అడిగితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఒక్క పాయింటు కథలు

అయితే లెక్కలు తిరగేస్తే రెండో కథ కూడా కనిపిస్తుంది. 2003లో లోబ్ ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. నార్వే వాడైన పెట్టర్ సోల్‌బర్గ్‌కు 72, లోబ్‌కు 71. ఈ ఓటమి తర్వాతనే తొమ్మిదేళ్ల వరుస మొదలైంది.

2006 సంగతి మరీ విచిత్రం. ఎనిమిది ర్యాలీలు గెలిచి ముందున్న లోబ్, కొండసైకిలు తొక్కుతూ పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చివరి నాలుగు ర్యాలీలకూ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఫిన్లండ్‌కు చెందిన మార్కస్ గ్రోన్‌హోమ్ వెంట తరుముకొచ్చాడు. కానీ ఆస్ట్రేలియాలో ఆయన కారు దారి తప్పి కాలం పోగొట్టుకుంది. ఏడాది చివరకు లోబ్ 112, గ్రోన్‌హోమ్ 111. గెలిచినవాడు ఇంట్లో, ఓడినవాడు బండిలో!

మరుసటి ఏడు న్యూజిలాండ్‌లో ఈ ఇద్దరే తలపడ్డారు. మూడు రోజులు, 300 కిలోమీటర్లకు పైగా పరుగు. తేడా 0.3 సెకను. గెలిచింది గ్రోన్‌హోమ్. రెప్పపాటు తేడాతో ఓడించగల మనిషి ఎదురున్నప్పుడు పోటీ లేదని ఎలా అనగలం?

2009లో మిక్కో హిర్వోనెన్ వంతు. ఆస్ట్రేలియాలో మొదట వచ్చిన లోబ్‌కు కారు భాగం నిబంధనకు సరిపోలేదని ఒక నిమిషం జరిమానా పడింది. విజయం హిర్వోనెన్‌కు దక్కింది. ఆఖరి ర్యాలీకి వేల్స్ చేరేసరికి హిర్వోనెనే ఒక పాయింటు ముందున్నాడు. అక్కడ లోబ్ గెలిచాడు. హిర్వోనెన్ కారు బానెట్ లేచి అద్దం మీద పడింది. చివరి లెక్క 93, 92.

కారు గొప్పా? మనిషి గొప్పా?

"మంచి బండి ఇస్తే ఎవరైనా తోలతారు" అని టీ కొట్టు దగ్గర ఇంకొకాయన అన్నాడు. దీనికీ జవాబుంది. స్పెయిన్‌కు చెందిన డానీ సోర్డో 2006 నుంచి 2010 దాకా లోబ్ నడిపిన సిట్రోయెన్ కార్లే నడిపాడు. ఆ ఐదేళ్లలో ఒక్క ర్యాలీ కూడా గెలవలేదు. కారు ఒకటే, ఫలితం వేరు.

అదే జట్టులోకి సెబాస్టియన్ ఓజియే వచ్చాక పరిస్థితి మారింది. 2011లో లోబ్ ఐదు గెలిస్తే ఓజియే కూడా ఐదు గెలిచాడు. జట్టువారు లోబ్ వైపే మొగ్గారన్న విమర్శ ఆనాడే వచ్చింది. ఆ ఏడాది చివర ఓజియే జట్టు విడిచి వెళ్లాడు. తర్వాత తానే పలుమార్లు చాంపియన్ అయ్యి, 2025లో తొమ్మిదో టైటిల్‌తో లోబ్ సరసన చేరాడు.

ఇవన్నీ చూసిన మీదట ఈ విలేకరికి తోచినది ఇది. లోబ్ కాలంలో గుంపు పలచబడింది, అది దాచితే దాగేది కాదు. కానీ ఒకరి తర్వాత ఒకరుగా గట్టివాడొకడు ఆయన ఎదుట నిలబడుతూనే ఉన్నాడు. పైగా 2022 జనవరిలో, 47 ఏళ్ల వయసులో, లోబ్ మాంటెకార్లో ర్యాలీకి వచ్చి అదే ఓజియేను 10.5 సెకన్ల తేడాతో ఓడించాడు. చివరికి ముందు దశలో ఓజియే టైరు పంక్చరైన మాట నిజమే గాని, అంతదాకా వెనకాలే అంటిపెట్టుకుని ఉన్నవాడు లోబే.

ఇదంతా విన్న పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. "ఒక ఏడు కరువు. పందేనికి మా జత గాక రెండే జతలొచ్చాయి. మొదటి బహుమతి తెచ్చుకున్నా ఊళ్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఏడు మా గిత్తలు లాగిన అడుగులు అంతకుముందు ఏటికన్నా ఎక్కువే. రాని జతల సంగతి నన్నడిగితే నేనేం చెప్పేది?"

కుర్రాడు సెల్‌ఫోను జేబులో పెట్టుకుని, పెదనాన్న టీకి కూడా డబ్బులిచ్చాడు.