పొగగొట్టంలోని శుద్ధి యంత్రాంగం

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోనికి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల వలన డీజిల్ వాహనాల పొగగొట్టం రూపమే మారిపోయింది. భారీ వాహనాలకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నుండి 0.46 గ్రాములకు తగ్గింది. ఇంజనును మాత్రమే సవరించి ఇంత తగ్గింపు సాధించుట కష్టం. సిలిండరులో మంట వేడిని తగ్గిస్తే ఆక్సైడ్లు తగ్గుతాయి గాని మసి పెరుగుతుంది. మసిని తగ్గించబోతే ఆక్సైడ్లు పెరుగుతాయి. అందుచేత మిగిలిన శుద్ధి ఇంజను వెలుపల జరగవలసి వచ్చింది.

మసిని పట్టునది పింగాణీ వంటి పదార్థంతో చేసిన వడపోత. అది నిండినప్పుడు మసిని కాల్చివేయుటకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. వడపోతకు ముందూ వెనుకా ఉన్న పీడనాల తేడాను బట్టి కంప్యూటరు మసిని అంచనా వేసి, అదనపు డీజిల్‌ను ఉత్ప్రేరకంపై మండింపజేసి ఆ వేడిని పుట్టిస్తుంది. రహదారిపై ఏకధాటిగా సాగే లారీకి ఇది సులభమే. వీధి వీధికీ ఆగే చెత్తబండికీ, బడి బస్సుకూ పొగగొట్టం తగినంత వేడెక్కదు. బండిని నిలిపి ఇంజనును ఊరకే తిప్పుట వలన మేలు లేకపోగా మసి పెరుగుతుంది. వడపోత దీపం వెలిగినప్పుడు వాహన పుస్తకంలో చెప్పిన వేగంతో కొంతసేపు ఆగకుండా నడపవలెను.

నైట్రోజన్ ఆక్సైడ్లకు విరుగుడు 32.5 శాతం యూరియా గల శుద్ధ ద్రావణం. వేడికి అది అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకంలో ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చివేస్తుంది. మోతాదు తగ్గితే విషవాయువు మిగులుతుంది, హెచ్చితే అమ్మోనియా బయటికి పోతుంది. పొగ చల్లగా ఉన్నప్పుడు చిమ్మితే తెల్లని గడ్డలు కడతాయి. ఇంజను భారం, పొగ వేడి, సెన్సార్ల సమాచారం చూసి క్షణక్షణం మోతాదును నిర్ణయించునది కంప్యూటరే.

ఖర్చు తగ్గుతుందని పొలానికి చల్లే యూరియాను నీట కలిపి పోసేవారున్నారు. 2015 నుండి ఆ యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి; ఆ నూనె, మలినాలు చిమ్మే నాజిలునూ ఉత్ప్రేరకాన్నీ పాడుచేస్తాయి. మరికొందరు కంప్యూటరును ఏమార్చే చిన్న పెట్టెను తగిలిస్తారు. అప్పుడు హెచ్చరిక దీపం వెలగదు, ఇంజను బలమూ తగ్గదు. డీజిల్ బండికి చేసే సాధారణ కాలుష్య పరీక్ష పొగ చిక్కదనాన్నే కొలుస్తుంది గనుక అందులోనూ పట్టుబడదు. కంటికి కనబడని ఆ వాయువులను పీల్చేది బస్టాపులో నిలిచినవారే. పాత డీజిల్ లారీ కొనేవారు, ఎంత దూరం నడిచినా ద్రావణం ట్యాంకు మట్టం తగ్గకుంటే అనుమానించవలెను.