టెస్ట్ ఫెయిలైతేనే క్రాషయ్యే పైథాన్ ట్రేసర్: ఒక్క లైన్‌లో రెండు బగ్‌లు

పైథాన్ డీబగ్గర్‌లో ఒక్కో లైన్ ఆపుతూ కోడ్ నడిపించారా? చాలావరకు దాని వెనకాల ఉండేది ట్రేస్ ఫంక్షనే. ఫంక్షన్ మొదలైనా, కొత్త లైన్ వచ్చినా, రిటర్న్ అయినా, ఎక్సెప్షన్ పడినా ఇంటర్‌ప్రెటర్ దాన్ని పిలుస్తుంది. లైన్ లైన్‌కీ ఓ పిలుపంటే ప్రోగ్రామ్ నత్తనడకే. అందుకే కవరేజ్ డాట్ పీవై లాంటి టూల్స్ ఈ పనిని సి ఎక్స్‌టెన్షన్‌కి అప్పగిస్తాయి.

స్పీడ్ వస్తుంది గానీ, సి లోకి దిగాక రిఫరెన్స్ కౌంట్ లెక్క మనమే చూసుకోవాలి. ఈమధ్య నేను సరిచేసిన ఒక చిన్న ట్రేసర్ మాడ్యూల్ టెస్టులన్నీ పాసైతే హాయిగా నడిచేది. ఒక్కటి ఫెయిలైతే చాలు, సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఎక్కడ ఫెయిలైందో చూపాల్సిన టూలే ముందు చచ్చిపోతే ఇంకెందుకది?

ఫాల్ట్‌హ్యాండ్లర్ ఆన్ చేసి మళ్లీ నడిపాను. ప్రతిసారీ ఎక్సెప్షన్ లేపే ఫంక్షన్ దగ్గరే పడిపోతోంది. అప్పుడు సి కోడ్‌లో రిటర్న్ ఈవెంట్ భాగం తెరిచా. వచ్చిన విలువకి ఇన్‌క్రెఫ్ చేసి, లిస్ట్‌కి అపెండ్ చేస్తున్నారు. చూడ్డానికి బుద్ధిగానే ఉంది!

కానీ ఫంక్షన్ ఎక్సెప్షన్‌తో బయటికొస్తే, సి లో ఆ విలువ నల్ పాయింటర్. దానికి ఇన్‌క్రెఫ్ చేస్తే క్రాషే. పైథాన్‌లో రాసిన ట్రేస్ ఫంక్షన్‌కైతే అదే చోట ‘నన్’ అందుతుంది, కాబట్టి అక్కడ ఈ తేడా తెలియదు.

రెండో బగ్ మామూలు రిటర్న్‌లో ఉంది. లిస్ట్ అపెండ్ తన రిఫరెన్స్ తనే తీసుకుంటుంది. పైన మనం పెంచిన ఇంకో కౌంట్‌ని ఎవరూ తగ్గించరు. అంటే ప్రతి రిటర్న్‌కీ కాస్త మెమరీ లీక్.

సరే, ఇన్‌క్రెఫ్ లైన్ తీసేస్తే సరిపోతుందా? లీక్ పోతుంది, కానీ నల్‌ని అపెండ్‌కి ఇస్తే ఈసారి సిస్టమ్ ఎర్రర్ వస్తుంది. కాబట్టి ముందు నల్ చెక్ పెట్టి, అలాంటప్పుడు ‘నన్’ని అపెండ్ చేయించాను. అపెండ్ ఫెయిలైతే -1 తిరిగిచ్చేలా మరో రెండు లైన్లు. అంతే, నా లెక్కలో పది నిమిషాల పని. వెతకడానికే సాయంత్రం పోయింది.

మీరూ ఇలాంటిది టెస్ట్ చేస్తుంటే, ఏమీ రిటర్న్ చేయని ఫంక్షన్‌తో లీక్ వెతకొద్దు. పైథాన్ 3.12 నుంచి ‘నన్’ ఇమ్మోర్టల్, దాని కౌంట్ కదలదు. ప్రతిసారీ కొత్త లిస్ట్ రిటర్న్ చేసే ఫంక్షన్ రాసి, లక్షసార్లు పిలిచి, ట్రేసర్ లిస్ట్‌ని ఖాళీ చేశాక మెమరీ చూడండి.