గాలి పరుపులు, హాజరు పట్టీ

రెండేళ్ళు ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని, వారాంతపు తెలుగు బడుల కోసం హాజరు పట్టీ ప్రోగ్రాము రాశాను. వెయ్యి బడులు ఒక్కసారే వచ్చి పడ్డా సర్వరు తట్టుకునేట్టు కట్టాను. వచ్చింది పదకొండు మంది. అందులో ఇద్దరు నా బావమరుదులే! ఇక మూసేద్దామనుకున్నాను.

అప్పుడే ఎయిర్‌బీఎన్‌బీ కథ చదివాను. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, అద్దెకి డబ్బు చాలక ముగ్గురు అతిథులకి గాలి పరుపులు వేసి మొదలెట్టారు. 2008లో ఒబామా, మెకెయిన్ పేర్లతో సీరియల్ డబ్బాలు ఒక్కోటి 40 డాలర్లకి అమ్మి అప్పులు కొంత తీర్చుకున్నారు. 2009లో వై కాంబినేటర్‌లో చేరితే, వాడేవాళ్ళు న్యూయార్కులో ఉండగా మీకిక్కడేం పనంటూ పాల్ గ్రాహం అక్కడికి తరిమాడు. వెళ్ళి, గడప గడపకీ తిరిగి, ఇళ్ళకి మంచి ఫోటోలు తీశారు. రాబడి కదిలింది అప్పుడే. ఇందులో కోడింగేముంది చెప్పండి?

పెట్టుబడిదారుల్లో పేరున్న ఫ్రెడ్ విల్సన్ వీళ్ళని కాదన్నాడు. గాలి పరుపులు రేపటి హోటల్ గదులవుతాయని ఊహించలేకపోయామని 2011లో తనే రాసుకున్నాడు. ఆ సీరియల్ డబ్బా ఒకటి తమ మీటింగు గదిలో పెట్టుకున్నాడు కూడా. తప్పు ఒప్పుకోవడంలో ఆ దర్జా నాకు నచ్చింది.

సరే, నా తొమ్మిది మందికీ ఫోను చేశాను. ఒకావిడ హాజరు పట్టీ జోలికే పోలేదట. తల్లిదండ్రులందరికీ ఒకేసారి ఈమెయిలు పంపడానికి మాత్రం ప్రతి వారం వాడుతోందట. ఆ బటన్ నేనో అర్ధరాత్రి అరగంటలో రాసి పడేసింది.