రాతిలో గుండములు, రోడ్డుపై గుంటలు

వానలు పట్టిన కొలది వారములకే తారురోడ్లపై గుంటలు కనిపించును. వాననీరు రోడ్డును తినివేసినదని జనులు చెప్పుకొందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు గాని, ఒక్క నీటివలననే గట్టి వస్తువు తొలుచుకొనిపోవుట మిక్కిలి నెమ్మదిగా జరుగును. నదిలో దానికి గులకరాళ్ళు తోడ్పడును. రోడ్డుపై బండిచక్రము తోడ్పడును.

మహారాష్ట్రలో నిఘోజ్ అను గ్రామమువద్ద కుకడీ నది నల్లని రాతిపరుపుమీదుగా ప్రవహించుచున్నది. ఈ నీరు ఘోడ్ నదిలోను, పిదప భీమానదిలోను కలిసి తుదకు మన కృష్ణను చేరును. నిఘోజ్ వద్ద నదీగర్భములో కాగులవలె నున్నగా దొలిచిన గుండములు పెక్కు కలవు. అచటివారు వానిని ‘రాంజణ ఖళగే’ అందురు. మరాఠీలో రాంజణమనగా పెద్ద నీటికాగు. ఆ రాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట లావా గడ్డకట్టి ఏర్పడినది. ఉలికి సులభముగా లొంగునది కాదు.

అట్టి రాతిని నీరెట్లు తొలిచినది? రాతిపై ఏదో చిన్న పగులో, పల్లమో ఉండును. వరద వచ్చినపుడు నీరచట సుడి తిరుగును. సుడిలో చిక్కిన ఇసుకయు, గులకరాళ్ళును బయటికి పోలేక గిర్రున తిరుగుచు అడుగును, ప్రక్కలను రాచును. రుబ్బురోలులో పొత్రము తిరుగుట చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. రోలు లోతగుచుండగా పొత్రమును అరిగిపోవును. అరిగిన రాతికి బదులు మరియొక దానిని తరువాతి వరద తెచ్చి వేయును. వేసవిలో గుండముల అడుగున కోడిగ్రుడ్లవంటి నున్నని రాళ్ళు దొరకుట ఇందువలననే. ప్రవాహము సన్నగిలినపుడు ఈ పని ఇంచుమించు నిలిచిపోవును. ప్రక్కప్రక్కనున్న రెండు గుండముల నడిమి గోడ అరిగి తెగినచో అవి ఒకటగును. నది తన దారిని లోతు చేసికొను పద్ధతులలో ఇది యొకటి.

స్విట్జర్లాండులోని లూసెర్న్ నగరములో 1872లో నేల త్రవ్వుచుండగా ఇట్టి గుండములు బయటపడినవి. వానిలో పెద్దది 9.5 మీటర్ల లోతు, 8 మీటర్ల వెడల్పు గలది. హిమయుగములో ఆ చోటును కప్పియుండిన మంచునది అడుగున ఒత్తిడితో పారిన నీరే వానిని తొలిచినది.

రోడ్డు సంగతి వేరు. అచట రాపిడికన్న నానుడు ముఖ్యము. తారురోడ్డు పైకి ఒకే పలకవలె కనిపించినను, అడుగున మట్టి, దానిపై కంకర, ఆపైన తారు కలిపిన సన్నకంకర పొరలుగా నుండును. తారు రాళ్ళను అంటిపెట్టుటయే గాక నీటిని లోనికి దిగనీయదు. కాని ఏండ్ల తరబడి ఎండకు, గాలికి అది పెళుసెక్కి బీటలు వారును. బీటలగుండ దిగిన నీటికి అడుగుమట్టి మెత్తబడును. నల్లరేగడి నేలయైనచో తడిసి ఉబ్బును, ఎండి కుంచించుకొనును.

అట్టి బీటపై చక్రమెక్కగానే లోని నీరు చిమ్మనగ్రోవిలోని నీటివలె ఒత్తిడికి లోనై, సన్నని మట్టిని వెంటబెట్టుకొని పైకి చిమ్మును. ఒక్కొక్క బండికి చిటికెడు మట్టియే పోవును; కాని దినమునకు ఎన్ని బండ్లు! క్రమముగా అడుగు బోలైపోయి, పైపొర ఆధారము లేక విరిగి కూలును. చలిదేశములలో దిగిన నీరు గడ్డకట్టి ఇంచుమించు నూటికి 9 వంతులు పెరిగి రోడ్డును పైకెత్తును. మంచు కరగినపుడు అచట గుంట పడును.

బండ్లన్నియు సమానముగ చెరుపు చేయవు. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో ప్రత్యేకముగా రోడ్లు వేసి, వానిపై లారీలను నడిపి పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డునకు కలుగు చెరుపు సుమారు 16 రెట్లగునని దానినుండి తేలినది.

వాననీరు నిండిన గుంట లోతు మోటారుసైకిలు నడుపువానికి తెలియదు. 2013 నుండి 2017 వరకు మన దేశములో గుంటల మూలమున జరిగిన ప్రమాదములలో 14,926 మంది మరణించిరన్న లెక్కను 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రస్తావించినది.

ఇంత జరుగుచున్నను, నీరు నిలిచియున్న గుంటలోనే కంకర, తారు పోసి చదును చేయుట తరచుగ కనిపించును. తడిరాతికి తారు అంటదు. తరువాతి వానకు అదంతయు లేచిపోవును. గుంట అంచులను గట్టి భాగమువరకు నిలువుగా కోసి, వదులు మట్టిని తీసి, ఆరబెట్టి, తారు పూసి, పొరపొరగా దిమ్మిస చేసిననే అతుకు నిలుచును. అటుపిమ్మట ప్రక్కకాలువను చూడవలెను. రోడ్డును నడుమ ఎత్తుగా, ఇరువైపుల వాలుగా వేయుట నీరు కాలువలోనికి జారిపోవుటకే. ఆ కాలువను పూడ్చి అంగళ్ళు వేసినచోట, ఎన్ని మార్లు అతుకు వేసినను గుంట అక్కడనే పడుచుండును.