'డిస్ట్రాట్': చింత లాగిన మనస్సు

గుంటూరు జిల్లాలోని కాకుమాను పరిసరాలలో వరికోతలు సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలలలో జరుగును. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడ అదే. కోసిన వరి పనలమీద ఉండగా ఆకాశం మూసుకొని వచ్చినచో, రైతు చేతులు ఒకచోట, మనస్సు మరొకచోట ఉండును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను, దాని పొరుగు తీరాలను ముంచివేసినది. కనుక ఆ భయం అకారణమైనది కాదు.

చింతచేత ఇట్లు నిలుకడ తప్పిన వానిని వర్ణించుటకు ఇంగ్లీషులో 'డిస్ట్రాట్' అనే విశేషణం ఉన్నది. చివరి 'టి'కి ముందున్న 'జి', 'హెచ్' అక్షరాలు ఇందులో పలుకవు. అందుచే వర్ణక్రమం విద్యార్థులకు కష్టంగా తోచును. మూలం తెలిసినచో పదం సులభంగా జ్ఞాపకముండును.

లాటిన్ భాషలో 'డిస్' అనగా వేర్వేరు దిక్కులకు. 'ట్రాహెరె' అనగా లాగుట. పొలంలో నాగలిని లాగే ట్రాక్టరు పేరు కూడ ఈ 'ట్రాహెరె' నుండి పుట్టినదే. ఈ రెండు మాటల కలయికవలన ఏర్పడిన 'డిస్ట్రాక్ట్' అనే రూపం, సాగదీయుట అనే అర్థంగల 'స్ట్రెచ్' క్రియయొక్క పాత రూపమైన 'స్ట్రాట్' ప్రభావంచే 'డిస్ట్రాట్'గా మారినది. అనగా, నాలుగు దిక్కులకు లాగబడిన మనస్సు అని భావం.

దీనికిని 'డిస్ట్రాక్టెడ్' అనే పదానికిని భేదం కలదు. వీధిలో మేళం విని పాఠం మరచిన బాలుడు 'డిస్ట్రాక్టెడ్'; జాతరలో బిడ్డ తప్పిపోయిన తల్లి 'డిస్ట్రాట్'. మన 'పరధ్యానం' మొదటిదానికి దగ్గర. 'తల్లడిల్లుట' రెండవదానికి దగ్గర.

ఈ పదంలోని చిత్రం శాస్త్రానికి విరుద్ధం కాదు. ఒక లెక్క చేయునప్పుడు అంకెలను మనస్సులో నిలిపి ఉంచే శక్తికి పరిమితి ఉన్నది. చింత అందులో కొంత ఆక్రమించును. మిగిలినదే పనికి దక్కును. అంత తీవ్రం కాని చింత సైతం ఇట్లే పనిచేయునని 2013లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన సూచించినది. అందులో తమిళనాడులోని 464 మంది చెరకు రైతులను పరీక్షించిరి. పంటకు ముందు, డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజులలో, ఆ రైతులే పంట తరువాతికంటె తక్కువ ఫలితాలు చూపిరి. మారినది పరిస్థితి; మనుష్యులు కారు.

కనుక పాఠం తలకెక్కని విద్యార్థిని మందబుద్ధి అనుటకు ముందు, అతని మనస్సును ఏది ఎటు లాగుచున్నదో ఉపాధ్యాయుడు విచారించుట మంచిది.