వరదకు అందని చోట రికార్డరు

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసినవి. నీటి ఎద్దడికి పేరుపడిన సీమలో ఇది వింతగా తోచవచ్చును. 2021 నవంబరు 19న నాటి కడప జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. ఇట్టి వేళ నేల అంతస్తులో బల్లక్రింద ఉంచిన యంత్రములే మొదట పాడగును. నిఘా కెమెరాలు చూరు క్రింద క్షేమముగా నుండవచ్చును. అవి చూచినదంతయు దాచిన రికార్డరు మాత్రము నీటిపాలగును. వరద రాకున్నను, దొంగ ఆ పెట్టెనే ఎత్తుకొనిపోయినచో సాక్ష్యము వానితోనే పోవును.

కావున రికార్డరును మేడపైకి మార్చుట మేలు. అయితే తీగలన్నియు క్రిందనే చేరియున్నవి. మందమైన రాతిగోడలుగల పాత కట్టడమును మరల తొలువవలెనా? అక్కరలేదు. తీగలు చేరినచోటినుండి పైకి ఒక దారి యున్న చాలును.

ఆ దారి ఎట్టిదో కెమెరాల జాతినిబట్టి యుండును. పాత రకపు కెమెరా తన చిత్రమును ఎడతెగక మారుచుండు విద్యుత్తరంగముగా పంపును. రెండు కెమెరాల తరంగములను అట్లే ఒక తీగపై వదలినచో అవి కలిసిపోవును. అందుచే ప్రతి కెమెరాకు వేరు తీగ యుండును. ఎనిమిది కెమెరాలున్న ఎనిమిదింటిని పొడిగింపవలెను. అందుకు ఎనిమిది లావు కేబుళ్ళేల? నాలుగేసి జతలు గల రెండు నెట్‌వర్కు కేబుళ్ళు చాలును. ఇరుకొనలందును కెమెరా రకమునకు తగిన బాలన్ అను చిన్న పరికరములను తగిలింపవలెను. జతలోని రెండు తీగలు మెలివేసి యుండుటచే బయటి విద్యుత్ అలజడి రెంటిపై ఇంచుమించు సమముగా పడును. బాలన్ రెంటి భేదమునే గ్రహించును, అలజడి కొట్టివేయబడును. కెమెరాలకు విద్యుత్తు నిచ్చు పెట్టె పాతచోటనే యుండవచ్చును.

నెట్‌వర్కు కెమెరాల పని ఇంకను సులభము. అవి చిత్రమును అంకెలుగా మార్చి, చిన్న పొట్లములుగా విడదీసి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి పంపును. ఎనిమిది ఊళ్ళ ఉత్తరములు ఒకే తపాలా సంచిలో పోవుట లేదా? కెమెరాకు సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున ఎనిమిదింటికి 32 మెగాబిట్లు. సామాన్యపు లైను 100 మెగాబిట్లు మోయగలదు. కనుక పాతచోట, కెమెరాలకు విద్యుత్తును కూడ అందించు నెట్‌వర్కు స్విచ్చిని (దీపము వెలిగించు స్విచ్చి కాదు) బిగించి, అచటినుండి రికార్డరుకు ఒకే కేబులు లాగిన సరి. దాని పొడవు 100 మీటర్లు మించరాదు. కెమెరాలు మునుపు రికార్డరుకే నేరుగా తగిలించియున్నచో, వాని చిరునామాలను మరల నమోదు చేయవలసి రావచ్చును.

స్విచ్చి క్రిందనే యున్నది గదా యని శంక కలుగును. దానిని గోడపై ఎత్తుగా బిగింపవలెను. ఒకవేళ మునిగినను కొత్త చిత్రములు ఆగునేగాని దాచినవి చెడవు.

మేడపై మరియొక శత్రువు కలదు, అది ఎండ. ఈ జిల్లాలలో వేసవి వేడి 40 డిగ్రీలు దాటును. పైకప్పు క్రింది గది ఇంకను కాగును. సెకనుకు 32 మెగాబిట్లనగా 4 మెగాబైట్లు. దినమునకు సుమారు 346 గిగాబైట్లు. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టము జనసమ్మర్దముగల సంస్థలు దృశ్యములను 30 దినములు నిలువయుంచవలెనన్నది. అంతకు పదివేల గిగాబైట్లకు పైగా కావలెను. అన్ని డిస్కులు రేయింబవళ్ళు తిరుగుచుండగా మూసిన బీరువాలో పెట్టుట తగదు. పడమటి ఎండ తగలని, గాలి ఆడు గది కావలెను. దుమ్మును తరచు తుడువవలెను.

మార్చునపుడు రికార్డరును పద్ధతిగా ఆపి, డిస్కు నిలిచిన పిదపనే కదలింపవలెను. పిమ్మట గడియారము సరిచూచి, మెయిన్ ఆపి పరీక్షింపవలెను. పైన రికార్డరుకు బ్యాటరీ యుండి క్రింద స్విచ్చికి లేకున్న, కరెంటు పోయిన క్షణమునుండి చీకటియే నమోదగును.